గృహ గేమ్ కన్సోళ్ళను ఆర్కేడ్ మానిటర్లకు అనుసంధానించడం

ఇంటి టెలివిజనుతో వాడుటకు తయారైన వీడియో గేమ్ కన్సోలు బొమ్మను, నాణెం వేసి ఆడే ఆర్కేడ్ యంత్రంలోని పిక్చర్ ట్యూబు మానిటరుపై కనిపించునట్లు చేయడాన్ని ఆర్కేడ్ మానిటరు అనుసంధానం అంటారు. ఆర్కేడ్ యంత్రపు బోర్డును ఇంటి టెలివిజనుకు కలిపే "సూపర్‌గన్" అనే పరికరం చేసే పనికి ఇది సరిగ్గా తలక్రిందుల పని. పైకి చూచుటకు ఇది నాలుగైదు తీగలు కలిపే చిన్న పనిగానే తోచును. కాని రేఖా పౌనఃపున్యం, సంకేతపు బలం, సింక్, విద్యుత్ వేర్పాటు అనే నాలుగు విషయాలు కుదిరిన తరువాతనే తీగలు కలుపవలెను. మొదటి మూడింటిలో పొరపాటు జరిగితే సాధారణంగా బొమ్మ రాదు, అరుదుగా పరికరం పాడవును. నాలుగవదానిలో పొరపాటు జరిగితే ప్రాణహాని కలుగవచ్చును.

రంగుల పిక్చర్ ట్యూబుల భారీ తయారీ 2010ల మధ్యనాటికి ప్రపంచమంతటా దాదాపుగా ఆగిపోయినది. కనుక ఒక ఆర్కేడ్ మానిటరు కాలిపోతే దాని స్థానంలో క్రొత్తది కొనుట సాధ్యం కాదు. మరొక పాత యంత్రం నుండి విప్పి తెచ్చుకొనవలసినదే. ఈ కారణం చేత కూడా ఈ విషయంలో తొందర పనికిరాదు.

ఆర్కేడ్ మానిటరు స్వభావం

ఆర్కేడ్ మానిటరు కూడా టెలివిజను వంటిదే అయినా, దానిలో ట్యూనరు, స్పీకరు, బయటి పెట్టె ఉండవు. లోహపు చట్రానికి బిగించిన పిక్చర్ ట్యూబు, దాని క్రింద "ఛాసిస్" అని పిలిచే సర్క్యూట్ బోర్డు, ట్యూబు మెడకు తగిలించిన చిన్న బోర్డు మాత్రమే ఉంటాయి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల సంకేతాలు మూడు వేర్వేరు తీగలపై వస్తాయి. బొమ్మలో ప్రతి గీత, ప్రతి తెర ఎక్కడ మొదలు కావలెనో తెలిపే సింక్ సంకేతం వేరొక తీగపై వస్తుంది. మూడు రంగులను ఒకే తీగలో కలిపి మరల విడదీసే ప్రక్రియ లేనందువలన బొమ్మ అంచులు తేటగా ఉంటాయి.

అమెరికా యంత్రాలలో వెల్స్-గార్డ్నర్ సంస్థ వారి కె4600, కె7000 నమూనాలు, కెనడాకు చెందిన ఎలక్ట్రోహోమ్ వారి జి07 విరివిగా కనిపిస్తాయి. ఐరోపాలో ఇటలీకి చెందిన హాంటారెక్స్ మానిటర్లు, జపాను యంత్రాలలో నానావో మానిటర్లు ప్రసిద్ధి పొందినవి. ఈ నానావో సంస్థయే 2013లో ఐజో అని పేరు మార్చుకొన్నది. 1979 నాటి ఆస్టరాయిడ్స్ వంటి ఆటలలో వాడిన వెక్టర్ మానిటర్లు వేరే జాతివి. వాటిలో ఎలక్ట్రాన్ పుంజం వరుసగా గీతలు గీయక, నేరుగా ఆకారాన్నే గీస్తుంది. కనుక ఏ గృహ కన్సోలునూ వాటికి కలుపలేము.

రెండింటి మధ్య చుట్టరికం

గృహ కన్సోలును ఆర్కేడ్ తెరపై చూపుట అభిమానులు కనిపెట్టిన వింత కాదు. తయారీదారులే మొదట ఆ పని చేసినారు. నింటెండో సంస్థ 1984లో తన ఫామికామ్ సాంకేతికతతోనే వీఎస్. సిస్టమ్ అనే ఆర్కేడ్ యంత్రాన్ని, 1986లో ప్లేఛాయిస్-10ను విడుదల చేసినది. రెండవదానిలో నాణెం వేస్తే ఆట కాక సమయం లభిస్తుంది. ఆ సమయంలో పది ఆటలలో ఏది కావలెనన్న అది ఆడుకొనవచ్చును. సెగా వారి మెగా-టెక్ మెగా డ్రైవ్ కన్సోలుకు ఇటువంటి రూపమే. తరువాత సోనీ ప్లేస్టేషన్ ఆధారంగా నామ్కో సిస్టమ్ 11, సాటర్న్ ఆధారంగా సెగా ఎస్‌టీ-వీ, డ్రీమ్‌కాస్ట్‌కు తోబుట్టువుగా 1998లో నవోమి, ప్లేస్టేషన్ 2 ఆధారంగా నామ్కో సిస్టమ్ 246 వచ్చినవి. 1990లో వచ్చిన ఎస్‌ఎన్‌కే వారి నియో జియోలో ఆర్కేడ్ రూపం, గృహ రూపం దాదాపు ఒకే సర్క్యూటు.

ప్లేఛాయిస్-10కు ఈ కథలో ఒక విచారకరమైన పాత్ర ఉన్నది. ఫామికామ్‌లోని చిత్ర చిప్పు మూడు రంగులనూ లోపలనే కలిపివేసి ఒకే తీగపై పంపుతుంది. ప్లేఛాయిస్-10లోని చిప్పు మాత్రం రంగులను విడివిడిగా ఇస్తుంది. అందుచేత తమ ఇంటి కన్సోళ్ళలో అమర్చుకొనుటకు ఎందరో ఆ ఆర్కేడ్ బోర్డుల నుండి చిప్పులను పెరికినారు. ఒక పాత యంత్రాన్ని చంపి మరొకదానికి మెరుగులు దిద్దుట అన్నమాట. పైగా ఆ చిప్పు రంగులు అసలు ఫామికామ్ రంగులతో పూర్తిగా సరిపోలవు. నెస్‌ఆర్‌జీబీ అనే అదనపు బోర్డు వచ్చిన తరువాత ఆ అవసరం తీరిపోయినది.

రేఖా పౌనఃపున్యం

పిక్చర్ ట్యూబులో ఎలక్ట్రాన్ పుంజం ఒక సెకనులో ఎన్ని అడ్డగీతలు గీస్తుందో ఆ సంఖ్యను రేఖా పౌనఃపున్యం అంటారు. అమెరికా, జపాను దేశాల ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో ఇది 15.734 కిలోహెర్ట్జ్, భారతదేశంలోనూ ఐరోపాలోని అనేక దేశాలలోనూ వాడిన పాల్ పద్ధతిలో 15.625 కిలోహెర్ట్జ్. సాధారణ ఆర్కేడ్ మానిటరు కూడా 15 కిలోహెర్ట్జ్ తరగతికే చెందినది కనుక పాత కన్సోళ్ళకు అది సహజంగా సరిపోతుంది. 24 కిలోహెర్ట్జ్ తరగతి మధ్యస్థ మానిటర్లు, కంప్యూటరు వీజీఏ ప్రమాణమైన 31.5 కిలోహెర్ట్జ్ మానిటర్లు, రెండు మూడు తరగతులకు సర్దుకొనే మానిటర్లు కూడా ఉన్నవి.

1980లు, 1990ల నాటి కన్సోళ్ళు ఒక విశేషమైన పని చేసేవి. టెలివిజను ప్రసారంలో ఒక తెర సరి గీతలనూ, తరువాతి తెర బేసి గీతలనూ గీస్తుంది. ఈ కన్సోళ్ళు ప్రతిసారీ అవే సుమారు 240 గీతలను గీసి, నడుమ గీతలను ఖాళీగా వదలివేస్తాయి. దీనిని 240పి అంటారు. ఆర్కేడ్ బోర్డులు చేసే పనీ ఇదే. వెలుగు గీతల నడుమ సన్నని నల్లని చారలు కనిపించే ఆ రూపం కొరకే చాలామంది ఈ శ్రమకు పూనుకొంటారు. దీనికి తోడు తుపాకీ ఆటలున్నవి. నింటెండో జాపర్, నామ్కో గన్‌కాన్ వంటి కాంతి తుపాకులు పిక్చర్ ట్యూబు వెలుగును గ్రహించి పనిచేస్తాయి కనుక నేటి ఎల్‌సీడీ తెరలపై అవి ఉన్నవి ఉన్నట్లుగా పనిచేయవు.

15 కిలోహెర్ట్జ్ మానిటరుకు 31 కిలోహెర్ట్జ్ సంకేతం ఇవ్వరాదు. మానిటరు ఒక గీతకు సుమారు 64 మైక్రోసెకన్లు తీసుకొనగా, వచ్చే సంకేతం 32 మైక్రోసెకన్లకే తరువాతి గీత మొదలుపెట్టుమంటుంది. అప్పుడు బొమ్మ చీలి ఏటవాలు గీతలుగా మారుతుంది. కొన్ని ఛాసిస్‌లలో రేఖా అవుట్‌పుట్ ట్రాన్సిస్టరు కాలిపోవచ్చును. డ్రీమ్‌కాస్ట్ వంటి కన్సోలు తగిలించిన కేబులును బట్టి 15 లేదా 31 కిలోహెర్ట్జ్ సంకేతం ఇస్తుంది కనుక ఏ కేబులు వాడుచున్నామో ముందే చూచుకొనవలెను.

పాల్ కన్సోళ్ళు సెకనుకు 50 తెరలు చూపుతాయి. ఆర్కేడ్ మానిటర్లు ఎక్కువగా 60 తెరలకు సరిచేయబడి ఉంటాయి. కనుక మన దేశంలోనో ఐరోపాలోనో కొన్న కన్సోలు తగిలించినప్పుడు బొమ్మ పైకో క్రిందికో జారిపోతుంటే భయపడనవసరం లేదు. నిలువు హోల్డు, నిలువు పరిమాణం ప్రీసెట్లను కొద్దిగా త్రిప్పి సరిచేసుకొనవచ్చును.

సంకేతపు బలం

తీగలన్నీ సరిగా కలిపి, బొమ్మ కదలక నిలిచినా, అది మసక చీకటిలో చూచినట్లు ఉండుట ఈ పనికి పూనుకొన్నవారికి తొలిసారి ఎదురయ్యే అనుభవం. దీనికి కారణం వోల్టేజి తేడా. కన్సోలు ఒక్కొక్క రంగుకు గరిష్ఠంగా 0.7 వోల్టుల సంకేతం ఇస్తుంది. అదీ అవతలి వైపు 75 ఓముల నిరోధం ఉన్నదన్న లెక్కతో. ఆర్కేడ్ బోర్డులు ఇచ్చే సంకేతం సుమారు 3 వోల్టుల నుండి, కొన్నిటిలో 5 వోల్టుల దాకా ఉంటుంది. మానిటరు దానికి తగినట్లే రూపొందినది.

ఆర్కేడ్ మానిటర్ల ప్రవేశ నిరోధం సాధారణంగా 75 ఓముల కంటె చాలా ఎక్కువ. అందువలన 75 ఓముల నిరోధం తగిలించకుండా కలిపితే కన్సోలు సంకేతం దాదాపు రెట్టింపై 1.4 వోల్టులకు చేరుతుంది. కొన్ని మానిటర్లలో ఈ మాత్రంతోనే చూడదగిన బొమ్మ వస్తుంది. అది చాలనప్పుడు కొందరు ఫ్లైబ్యాక్ ట్రాన్స్‌ఫార్మరుపై ఉండే "స్క్రీన్" మీటను పెంచుతారు. ఇది సరైన మార్గం కాదు. దానివలన నలుపు బూడిదరంగు అవుతుంది. పుంజం క్రింది నుండి పైకి తిరిగి వచ్చే దారి కూడా వెలుగు గీతలుగా కనిపిస్తుంది. ట్యూబుపై అనవసరమైన భారం పడుతుంది.

సరైన మార్గం వీడియో ఆంప్లిఫయరు వాడుట. ఇది ప్రవేశ భాగంలో 75 ఓముల నిరోధంతో సంకేతాన్ని స్వీకరించి, మూడు రంగులనూ సమానంగా హెచ్చించి మానిటరుకు అందిస్తుంది. హెచ్చింపు మూడింటికీ ఒకే తీరుగా లేకపోతే తెలుపు రంగుకు పసుపో నీలమో అంటుకొంటుంది. ఇక్కడ మరొక సూక్ష్మం ఉన్నది. చాలా కన్సోళ్ళలో లేక వాటి కేబుళ్ళలో రంగుల సంకేతం 220 మైక్రోఫారడ్ కెపాసిటరు గుండా వస్తుంది. కెపాసిటరు ఏకముఖ విద్యుత్తును ఆపివేయుట వలన "నలుపు అంటే ఇంత వోల్టేజి" అన్న ఆధారం పోతుంది. ఆర్కేడ్ బోర్డులు కెపాసిటరు లేకుండా నేరుగా సంకేతం పంపుతాయి కనుక ఆ ఆధారాన్ని తిరిగి కట్టే ఏర్పాటు చాలా మానిటర్లలో లేదు. అప్పుడు వెలుగు ఎక్కువగా ఉన్న దృశ్యంలో నలుపు ఒక విధంగా, చీకటి దృశ్యంలో మరొక విధంగా కనిపిస్తుంది. నలుపు స్థాయిని ప్రతి గీతకూ తిరిగి బిగించే ఏర్పాటు గల ఆంప్లిఫయరును ఎంచుకొన్నచో ఈ దోషం పోతుంది.

సింక్

మానిటరు కోరేది 5 వోల్టుల తార్కిక స్థాయి గల శుద్ధమైన సింక్. కొన్ని మానిటర్లకు అడ్డు, నిలువు సింక్‌లు విడివిడిగా కావలెను. చాలావాటికి రెండూ కలిసినది సరిపోతుంది. మెగా డ్రైవ్, ఎన్‌టీఎస్‌సీ సూపర్ నింటెండో కన్సోళ్ళ సాకెట్టులోనే మిశ్రమ సింక్ లభిస్తుంది. ప్లేస్టేషన్ వంటి వాటికి అమ్మే అనేక కేబుళ్ళలో మాత్రం సింక్ వేరుగా రాక, మిశ్రమ వీడియో సంకేతంలో కలిసి వస్తుంది. దానిని వేరుచేయుటకు ఎల్‌ఎం1881 అనే ఎనిమిది కాళ్ళ చిప్పు వాడుట పరిపాటి. రెండవ కాలికి 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు ద్వారా వీడియో ఇచ్చి, ఆరవ కాలి నుండి గ్రౌండుకు 680 కిలో ఓముల నిరోధం పెట్టి, నాలుగవ కాలిని గ్రౌండుకు, ఎనిమిదవ కాలిని 5 వోల్టులకు కలిపితే, మొదటి కాలిపై మిశ్రమ సింక్, మూడవ కాలిపై నిలువు సింక్ వస్తాయి. కొద్దిపాటి విడి భాగాలతో పెద్ద చిక్కు తీర్చే చక్కని చిప్పు ఇది.

సూపర్ నింటెండో విషయంలో ఒక హెచ్చరిక అవసరం. ఎన్‌టీఎస్‌సీ నమూనా సాకెట్టులో సింక్ ఇచ్చే మూడవ కాలిపై పాల్ నమూనాలో 12 వోల్టుల విద్యుత్తు ఉంటుంది. ఒక దేశపు కేబులు పటాన్ని చూచి మరొక దేశపు కన్సోలుకు తీగ కలిపినవారు సింక్ అనుకొని 12 వోల్టులను మానిటరులోకి పంపినట్లు అవుతుంది. ఐరోపా స్కార్ట్ సాకెట్టు, జపాను 21 కాళ్ళ ఆర్‌జీబీ సాకెట్టు విషయంలోనూ ఇదే ప్రమాదం. రెండూ ఒకే ఆకారంలో ఉండి ఒకదానిలో ఒకటి చక్కగా పడతాయి, కాని లోపలి కాళ్ళ అమరిక వేరు. స్కార్ట్‌లో ఎరుపు 15, ఆకుపచ్చ 11, నీలం 7, మిశ్రమ వీడియో లేక సింక్ 20వ కాలిపై వస్తాయి.

విద్యుత్ వేర్పాటు

ఈ వ్యాసంలో మరేది చదివినా చదువకున్నా ఈ భాగం చదువవలెను. అనేక ఆర్కేడ్ మానిటర్ల ఛాసిస్, గోడ సాకెట్టు విద్యుత్తును డయోడ్ల వంతెన ద్వారా నేరుగా తీసుకొంటుంది. అటువంటి ఛాసిస్ "గ్రౌండు" అసలు భూమి కాదు. దానిపై మెయిన్స్ విద్యుత్తు సగం వంతు కాలం నిలిచి ఉంటుంది. మన 230 వోల్టుల సరఫరాలో గరిష్ఠ విలువ సుమారు 325 వోల్టులు. ఆర్కేడ్ యంత్రం అడుగున ఉండే బరువైన వేర్పాటు ట్రాన్స్‌ఫార్మరు ఈ ప్రమాదాన్ని తొలగించుటకే ఉన్నది. యంత్రం నుండి మానిటరును మాత్రం విప్పి తెచ్చుకొని, ఆ ట్రాన్స్‌ఫార్మరును ఇనుప సామానుగా భావించి వదలివేస్తే, తరువాత కన్సోలు గ్రౌండును ఛాసిస్ గ్రౌండుతో కలిపిన క్షణంలో కన్సోలు లోహ భాగాలు, కేబులు కవచం, కంట్రోలరు తీగ అన్నీ మెయిన్స్‌తో కలుస్తాయి. కంట్రోలరు పట్టుకొని ఆడేది తరచుగా పిల్లలు.

అమెరికా మానిటర్లు 120 వోల్టులకు, జపాను మానిటర్లు 100 వోల్టులకు తయారైనవి కనుక భారతదేశంలో వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు ఎలాగూ అవసరం. బజారులో చవకగా దొరికే వోల్టేజి తగ్గించే పరికరాలలో అనేకం ఆటో ట్రాన్స్‌ఫార్మర్లు. వాటిలో ఒకే చుట్ట ఉంటుంది; వోల్టేజి తగ్గుతుంది గాని వేర్పాటు కలుగదు. ప్రాథమిక, ద్వితీయ చుట్టలు రెండూ విడివిడిగా ఉన్న ట్రాన్స్‌ఫార్మరునే వాడవలెను. ప్లగ్గును గోడ నుండి తీసివేసి, మానిటరు స్విచ్చి వేసి ఉంచి, ప్లగ్గు కాళ్ళకూ వీడియో గ్రౌండుకూ మధ్య మీటరుతో ఇరువైపులా కొలిచి చూడవలెను. ఏ మార్గమైనా కనిపిస్తే వేర్పాటు లేనట్లే, కన్సోలును కలుపరాదు.

రెండవ ప్రమాదం పిక్చర్ ట్యూబుది. మన టీవీ మెకానిక్కులు ఇ.హెచ్.టి. అని పిలిచే ఫ్లైబ్యాక్ ట్రాన్స్‌ఫార్మరు నుండి ట్యూబు పక్కనున్న రబ్బరు కప్పు క్రిందికి 20,000 వోల్టులకు మించిన విద్యుత్తు వెళుతుంది. ట్యూబు గాజు ఒక కెపాసిటరు వలె పనిచేసి, యంత్రం ఆపిన తరువాత కూడా ఆవేశాన్ని నిలుపుకొంటుంది. ట్యూబు వెనుక భాగాన్ని చుట్టి ఉండే అల్లిక తీగకు కలిపిన, ఇన్సులేషన్ పిడి గల స్క్రూడ్రైవరుతో దానిని తొలగించిన తరువాతనే చేయి పెట్టవలెను. కొద్దిసేపటికి కొంత ఆవేశం తిరిగి పైకి వచ్చే అవకాశం ఉన్నది కనుక ఒకసారితో తృప్తి పడరాదు. ట్యూబు మెడ మిక్కిలి సున్నితమైనది. తగిలి విరిగితే గాలి లోపలికి చొరబడి ట్యూబు శాశ్వతంగా పనికిరాకుండా పోతుంది. అనుభవం లేనివారు ఛాసిస్ పనిని పాత టీవీలు బాగుచేసిన మెకానిక్కుకు అప్పగించుట మంచిది.

జామ్మా ద్వారా కలుపుట

యంత్రం పెట్టెతో సహా ఉన్నప్పుడు మానిటరు తీగలను కదిలించకుండానే కన్సోలును కలుపవచ్చును. 1985లో జపాను వినోద యంత్ర తయారీదారుల సంఘం నిర్ణయించిన జామ్మా ప్రమాణంలో ఆట బోర్డు అంచున 56 కాళ్ళు ఉంటాయి. 12వ కాలు ఎరుపు, దాని వెనుకవైపు ఎన్ కాలు ఆకుపచ్చ, 13వది నీలం, దాని వెనుక పి కాలు సింక్, 14వది వీడియో గ్రౌండు. ఈ అంచును పోలిన చిన్న బోర్డుపై ఆంప్లిఫయరు, సింక్ చిప్పు అమర్చి ఆట బోర్డు స్థానంలో తగిలిస్తారు. వాటికి కావలసిన 5 వోల్టులు కూడా అక్కడనే లభిస్తాయి. మళ్ళీ ఆర్కేడ్ ఆట ఆడవలెనన్న బోర్డు మార్చుకొంటే చాలును; యంత్రానికి ఏ హానీ కలుగదు. అందుచేత తీగలు కోసే పద్ధతి కంటె ఇదే మేలు.

జామ్మాలో ధ్వనికి ఉన్న 10, ఎల్ కాళ్ళు నేరుగా స్పీకరుకు వెళతాయి, ఎందుకనగా ధ్వనిని హెచ్చించే పని ఆట బోర్డుదే. కన్సోలు ఇచ్చే స్టీరియో ధ్వని బలహీనమైనది కనుక చిన్న ధ్వని ఆంప్లిఫయరు వేరుగా పెట్టవలెను. యంత్రపు మీటలు నొక్కినప్పుడు గ్రౌండుకు కలిసే సాధారణ స్విచ్చులు. అనేక కన్సోళ్ళు మాత్రం కంట్రోలరులోని చిప్పు పంపే సంకేతాన్ని ఆశిస్తాయి. ఒక పాత కంట్రోలరును విప్పి దాని బటన్ల అడుగునున్న రాగి బిళ్ళలకు తీగలు టంకం వేసి యంత్రపు మీటలకు కలుపుట పాత పద్ధతి. బటన్లన్నిటికీ ఒకే గ్రౌండు ఉన్న కంట్రోలరును ఎంచుకొంటే పని సులువు.

నిలువు తెర

ప్యాక్-మ్యాన్ వంటి అనేక ఆర్కేడ్ ఆటలకు మానిటరును 90 డిగ్రీలు త్రిప్పి నిలువుగా బిగిస్తారు. అటువంటి యంత్రానికి కన్సోలు కలిపితే బొమ్మ పక్కకు ఒరిగి కనిపిస్తుంది. సాటర్న్‌పై దొదొన్‌పాచి, 2002లో డ్రీమ్‌కాస్ట్‌పై వచ్చిన ఇకరుగ వంటి కొన్ని ఆటలలో నిలువు తెరకు అనువైన అమరిక ఉన్నది. దీనిని జపాను పదమైన "టాటే" అని పిలుస్తారు. ఇంటి టెలివిజనును పక్కకు పడుకోబెట్టి ఆడుట కష్టం కనుక, ఈ అమరిక విలువ నిలువు ఆర్కేడ్ తెరపైననే పూర్తిగా తెలుస్తుంది.

తరువాతి కన్సోళ్ళు

నింటెండో 64 సాకెట్టులో విడి రంగులు రావు. లోపల మార్పు చేయవలెను. మిశ్రమ వీడియో మాత్రమే ఇచ్చే ఫామికామ్ నకళ్ళకు విడి రంగులుగా మార్చే డీకోడరు కావలెను. బొమ్మ తేటదనం ఆ మేరకు తగ్గుతుంది. ఎక్స్‌బాక్స్, వీ కన్సోళ్ళ కాంపొనెంట్ వీడియోను ఆర్‌జీబీగా మార్చే పరికరం ద్వారా కలుపవచ్చును; అయితే కన్సోలు అమరికలలో 480ఐ ఎంచుకొనవలెను, 480పి ఎంచుకొంటే అది 31 కిలోహెర్ట్జ్ అవుతుంది. 480ఐ బొమ్మ ఆర్కేడ్ మానిటరుపై కొద్దిగా వణికినట్లు కనిపించుట సహజం, అది లోపం కాదు.

హెచ్‌డీఎంఐ సంకేతం మాత్రమే ఇచ్చే కన్సోళ్ళకు సంకేతాన్ని అనలాగ్‌గా మార్చుటతో పాటు 15 కిలోహెర్ట్జ్‌కు దించే పరికరం కూడా అవసరం. హెచ్‌డీఎంఐని వీజీఏగా మార్చే చవక పరికరాలు పౌనఃపున్యాన్ని మార్చవు కనుక వాటిని నేరుగా 15 కిలోహెర్ట్జ్ మానిటరుకు కలుపరాదు. సంకేతాన్ని దించిన తరువాత కూడా, పెద్ద తెరల కొరకు వ్రాసిన సన్నని అక్షరాలు 240 గీతలలో చదువుటకు వీలుపడవు.